జోడులో పెద్దది

నేను ఒక తంబూరాను. నాకు పాట రాదు. నాలుగు తీగలు, రెండు స్వరాలు, అంతే నా చదువు. పంచమం, షడ్జమం, షడ్జమం, కింది షడ్జమం. పుట్టినప్పటి నుంచి ఇదే మాట అంటున్నాను. మనుషులు నా ముందు కూర్చుని, నాకు వీపు పెట్టి పాడతారు. బాగా పాడితే అది వాళ్ళ ప్రతిభ. బాగోకపోతే వెనక్కి తిరిగి నావంక చూస్తారు. ఆ చూపు నలభై ఏళ్ళకు పైగా ఎరుగుదును.

నా మెడ విరిగింది. ఏ రోజు విరిగిందో, ఎవరి చేతిలో విరిగిందో, అప్పుడు ఆ గదిలో ఎవరెవరు నిలబడి చూశారో నాకు గుర్తుంది. అది చెప్పడానికే నోరు తెరిచాను. మర్యాద కోసం ఎవరి పేరూ దాచను.

బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో అచ్చన్న అనే వడ్రంగి నన్ను చేశాడు. ఒకటే పనస మాను. దాన్ని కోసి రెండేళ్ళు నీడన ఆరబెట్టాడు. ముందు నన్ను తొలిచాడు. మిగిలిన చెక్కలో నా జోడును తొలిచాడు. నేను పెద్ద, మగగొంతుకు. ఆమె చిన్న, ఆడగొంతుకు. మాకు ఆడా మగా అచ్చన్న పెట్టిందే. నన్ను పెద్దోడనేవాడు, ఆమెను చిన్నమ్మి అనేవాడు. ఒకే మానులో పుట్టినవాళ్ళం కాబట్టి నా తీగ మీటితే ఆమె కుండలో, ఆ కింది గుండ్రటి డొల్లలో, గాలి కదిలేది. ఆమె తీగ మీటితే నా కుండలో. అచ్చన్న పని మాని అది వింటూ కూర్చునేవాడు.

విజయనగరంలో పిల్లలకు పాఠాలు చెప్పే పద్మనాభం మేష్టారు, ఆయన భార్య సుభద్రమ్మ మమ్మల్ని తీసుకెళ్ళడానికి బండి కట్టుకుని వచ్చారు. అచ్చన్న మమ్మల్ని గడ్డిలో చుట్టి బండెక్కించి ఒక మాట అన్నాడు.

"బాబూ, పెద్దోడ్ని రెండు శ్రుతి దాటించకండి. మెడ ఒప్పదు. చిన్నమ్మికి ఐదు, మహా అయితే ఐదున్నర. అక్కడితో ఆపీయండి."

శ్రుతి అంటే పాట నిలబడే నేల. ఎవరి గొంతుకు తగ్గ నేల వాళ్ళకు ఉంటుంది. హార్మోనియం మెట్లను బట్టి దానికి అంకెలు పెట్టారు. ఒకటి, రెండు అంటే లావు గొంతు. ఐదు, ఆరు అంటే సన్న గొంతు. ఈ పాటి సంగతి అచ్చన్నకు తెలుసు, అతను బడి మొహం చూడలేదు. తరువాత నేను చేరిన చోట అందరికీ పట్టాలు ఉన్నాయి.

మేష్టారు, సుభద్రమ్మ ఇరవై రెండేళ్ళు మా ముందు కూర్చుని పాడారు. పాడినంతసేపూ పోట్లాడుకునేవారు. "ఆ గమకం అక్కడ కాదు" అని ఆమె. "నీకు చెప్పిందెవరే?" అని ఆయన. ఒక ఆషాఢంలో ఆమె కామెర్లతో పోయింది. ఆయన పదకొండో రోజున నా తీగలూ నా జోడు తీగలూ వదులు చేసి గోడకు ఆనించాడు. మళ్ళీ ముట్టుకోలేదు. తొమ్మిదేళ్ళు మేము ఆ గోడకే ఉన్నాం. తప్పు దిద్దే మనిషి లేనప్పుడు పాడి ఏం లాభమని ఆయన అనుకున్నాడో ఏమో, నన్నడిగితే అది సరైన పనే.

ముసలితనంలో మమ్మల్ని సముద్రం ఒడ్డున ఉన్న ఒక విశ్వవిద్యాలయం సంగీతశాఖకు ఇచ్చేశాడు. ఒకటే షరతు పెట్టాడు. "రెండూ ఒక్కచోటే ఉండాలి. విడదీయకండి." వాళ్ళు ఆయన మెడలో దండ వేశారు, ఫోటో తీయించారు. మా కుండల మీద తెల్లరంగుతో అంకెలు వేశారు. నేను పదిహేడు. ఆమె పద్దెనిమిది. ఆ తరువాత మేష్టారు బతికున్నన్నాళ్ళూ నెలకోసారి బస్సెక్కి వచ్చి, వాద్యాల గదిలో మా ఇద్దరినీ శ్రుతి చేసి వెళ్ళేవాడు. ఆ గది తాళాలు గురువులు అనే అటెండరు దగ్గర ఉండేవి. ప్రొఫెసర్లు ఎవరూ ఆ గదికి వచ్చి మేష్టారి చేతులు చూడలేదు. దుమ్ము దులిపే గురువులు చూశాడు. చూసి నేర్చుకున్నాడు. ఆ శాఖలో తంబూరా శ్రుతి చేయగలిగిన మనిషి చివరికి అతనొక్కడే మిగిలాడు. జీతం పట్టీలో అతని పేరుకెదురుగా 'ఊడ్చుట, తుడుచుట' అని ఉండేది.

శాఖ పెద్ద ఆచార్య కామేశ్వరి. ఆమెకు సంగీతం రాదని నేననను. వచ్చు, బాగా వచ్చు. అదే చిక్కు. ఆమెది ఐదున్నర శ్రుతి, గాజుతీగ లాంటి గొంతు. ప్రపంచంలో ఆడగొంతులన్నీ అలాగే ఉండాలని ఆమె నమ్మకం. ఒక వార్షికోత్సవానికి ఎవరో పెద్ద అతిథి వస్తున్నారని, పై శ్రుతిలో పాడి మెప్పించాలని, నా జోడును ఆరున్నరకు బిగించమంది.

"పగుల్తాదమ్మా" అన్నాడు గురువులు.

"నువ్వు దుమ్ము దులుపు. అది చాలు."

తనే బిగించింది. తీగలు ఆనే గుర్రం కింద నుంచి, కుండ మీది పలక నిలువునా చీలింది. ఆ చప్పుడుకు నా కుండలో గాలి కదిలింది. నా జోడు గొంతు నాకు వినబడటం అదే ఆఖరు. "పాత సరుకు, ఇంతకంటే ఏముంటుంది?" అని కామేశ్వరి చేతులు దులుపుకుంది. పద్దెనిమిదిని విరిగిన సామాన్ల గదిలో పడేశారు. మేష్టారు అప్పటికే పోయాడు. షరతు గురించి అడిగేవాడు లేడు.

తరువాత చేసిన పని ఇంకా ఘోరం. శాఖలో ఆడపిల్లలే ఎక్కువ. చిన్న తంబూరా లేదు. అందుకని నా లావు తీగలు తీసేసి, చనిపోయిన నా జోడు సన్న తీగలు నాకు కట్టారు. కట్టి ఐదుకు లాగారు. రెండు దాటించవద్దన్న నన్ను ఐదుకు లాగారు. ఆ వేసవిలోనే నా మెడ అతుకు దగ్గర వెంట్రుకంత పగులు పుట్టింది. ఎవరూ చూడలేదు. గురువులు చూశాడు. కొవ్వొత్తి కరిగించి పూశాడు.

ఐదు ఎందుకంటే ఒక కారణం చెప్పారు. బి.ఏ. సంగీతం క్లాసులో పది పన్నెండు మంది ఉంటారు. గంట పాఠం. అందరూ కలిసి పాడాలి. ఒక్కొక్కరికి ఒక్కో శ్రుతి అంటే పాఠం నడవదు. కాబట్టి అందరికీ ఒకటే. అది సౌకర్యం. సౌకర్యం నాలుగేళ్ళు నిలబడితే సంప్రదాయం అయిపోతుంది. ఆ తరువాత పరీక్షలోనూ అందరూ ఐదులోనే పాడాలన్నారు. మధ్యలో తంబూరా శ్రుతి మారిస్తే సమయం పోతుందన్నారు. క్లాసులో శ్రుతి నిజానికి కరెంటు పెట్టె వేసేది. నేను పక్కన నిలబడి కనిపించేవాణ్ణి. బయటి పరీక్షకుడు వచ్చిన రోజున మాత్రం పెట్టెను బీరువాలో దాచి నన్ను ముందుకు తెచ్చేవారు.

ఇంతలో లెంక పైడితల్లి వచ్చింది.

గజపతినగరం పక్క పల్లె. తల్లి సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. బళ్ళో ప్రార్థన పాడించే టీచరు ఈ పిల్లను పట్టుకుని అప్లికేషన్ పెట్టించింది. సంగీతం చదువుతానని ఊళ్ళో చెబితే, "దానికి చదువెందుకే?" అన్నారట. ఆ ప్రశ్నకు జవాబు ఆ పిల్లకూ తెలియదు, చేరాక కూడా.

గొంతు లావు. లావంటే మొరటు కాదు. మట్టికుండలో నీళ్ళు పోసినట్టు ఉండేది. ఆమె నేల మూడు శ్రుతి. మొదటి రోజు నోరు తెరవగానే నాకు తెలిసింది. కామేశ్వరికీ తెలిసే ఉంటుంది, అంత చెవి ఉన్న మనిషికి తెలియకపోవడం ఉండదు. అయినా ఐదులో పాడమంది. పైడితల్లి పాడింది. మూడేళ్ళు పాడింది. కింద స్వరాలు ఎలాగో గడిచేవి. పై షడ్జమం దగ్గర గొంతు చీరుకుపోయేది. మూడో ఏడు ప్రాక్టికల్ పరీక్షలో అక్కడే తెగింది. తప్పింది. పక్క గదిలో కూర్చుని దగ్గితే చేతిగుడ్డలో ఎర్రజీర పడింది.

మళ్ళీ ఒక్క ఏడాది. హాస్టల్లో ఉండనివ్వడానికి అదే ఆఖరి గడువు. ఆడపిల్లల గురుకుల పాఠశాలలో సంగీతం టీచరు ఉద్యోగం ఒకటి జూన్ దాకా ఆపి ఉంచుతామన్నారు, పట్టా ఉంటే. ఈసారీ తప్పితే పట్టా లేదు, ఉద్యోగం లేదు. గొంతు చూసిన డాక్టరు చెప్పింది నిజమైతే గొంతూ ఉండదు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆ పిల్ల వాద్యాల గదిలోకి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. గురువులు కిటికీ దగ్గర చుట్ట కాలుస్తున్నాడు.

"ఏటే పైడమ్మా, తిండి తిన్లేదేటి?"

"మింగుడు పడ్డం లేదు బాబాయ్."

"డాట్రేటన్నాడు?"

"గొంతులోన కాయలు కట్టినాయట. మూడు నెల్లు నోరు ముయ్యమన్నాడు."

"మరి మూసీ."

"మూసీస్తే హాజరెవులేస్తారు? నువ్వేస్తావేటి?"

గురువులు నవ్వాడు. చుట్ట ఆర్పి నా దగ్గరకొచ్చాడు. "మీ యమ్మ సంతలో కేకేత్తే రైలుకట్ట కాడికి ఇనబడతాది. నానిన్నాను. సన్నంగా ఉంటాదేటి ఆ గొంతు? నువ్వేమో ఐదంటావు, ఐదున్నరంటావు. మీ యమ్మ ఐదులో కేకేసుంటే ఒక్క సేపా అమ్ముడయ్యేది కాదు."

అని తీగలు బిగించే నా బిరడలు ఒక్కొక్కటీ దించాడు. నాలుగు, మూడున్నర, మూడు. నా మెడలో ఏళ్ళ నాటి నొప్పి కొంచెం వదిలింది. "ఇప్పుడనీ" అన్నాడు. ఆ పిల్ల షడ్జమం అంది. ఒక్క స్వరమే. తరువాత ఏడ్చింది. ఏడుపు నాకు నచ్చదు. ఆ షడ్జమం మాత్రం నచ్చింది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం గంటసేపు నన్ను మూడుకు దించడం, రెండు గంటల క్లాసుకు ముందు మళ్ళీ ఐదుకు ఎక్కించడం. దించిన సుఖం నాది, ఎక్కించిన బాధా నాదే. వాళ్ళు నన్నడగలేదు. గురువులు శ్రుతి చేయడం ఆమెకు నేర్పాడు. "బిరడని ఒట్టినే తిప్పకే. లోనకి నెడతా తిప్పు. లేపోతే జారిపోద్ది." తీగలకు కింద గుచ్చిన పూసల్ని జరిపి చివరి వెంట్రుకవాసి సరిచేయడం చూపించాడు. అన్నిటికంటే ముఖ్యం జీవం. గుర్రం మీద తీగ కింద దూర్చే నూలుపోగును జీవం అంటారు. అది సరైన చోట ఉంటేనే తీగ గుంయిమంటుంది. లేకపోతే చెక్క మీద కొట్టినట్టు టక్కుమంటుంది. ప్రొఫెసర్ల పుస్తకాల్లో దాని గురించి రెండు పేజీలు ఉన్నాయి. పోగు దూర్చే చేయి గురువులిది.

జనవరిలో ఒకరోజు వేళ తప్పింది. కామేశ్వరి పది నిమిషాలు ముందే వచ్చింది. నేను ఇంకా మూడులోనే ఉన్నాను. ఆమె నా తీగ మీటింది. గది చల్లబడిపోయింది.

"ఎవరు దించారు?"

గురువులు నోరు తెరవబోయాడు. పైడితల్లి ముందుకు వచ్చింది. "నేనేనండి."

"ఎందుకు?"

"నా గొంతు అక్కడుందండి."

"ఓహో. నీ గొంతు ఎక్కడుంటే డిపార్టుమెంటు అక్కడికి రావాలన్నమాట. చూడమ్మా, ఐదుకు ఎక్కని ఆడగొంతు కచేరీకి పనికిరాదు. ఊళ్ళో నాట్లేసుకుంటూ పాడుకో, ఎవరూ కాదనరు."

వాద్యాల గది తాళాలు ఆ రోజే కామేశ్వరి బీరువాలోకి వెళ్ళాయి. గురువులుకు మెమో వచ్చింది. పరీక్షకు రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ పైడితల్లి నన్ను ముట్టుకోలేదు. డాక్టరు చెప్పినట్టు నోరు మూసుకుంది. హాజరు వేయించుకోవడానికి క్లాసులో పెదవులు మాత్రం కదిపేది. పదకొండు మంది అరుపులో అది ఎవరికీ తెలియలేదు. అందరికీ ఒకే శ్రుతి పెట్టినందువల్ల జరిగిన మేలు అదొక్కటే.

పరీక్ష మార్చి చివర. ఎండలు అప్పుడే ముదిరాయి. ఎండకు చెక్క కుంచించుకుపోతుంది, పగులు నోరు తెరుస్తుంది. గురువులు పూసిన మైనం కారిపోయింది. పొద్దున్న కామేశ్వరి చెబితే అతను నన్ను ఐదుకు ఎక్కించాడు. ఎక్కిస్తూ నా మెడ మీద వేలు పెట్టి చూశాడు. ఏమీ అనలేదు. మెమో వచ్చిన మనిషి.

బయటి పరీక్షకుడు రాఘవాచార్యులు. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. మాట తక్కువ, వేడినీళ్ళు తాగుతూ కళ్ళు మూసుకుని వింటాడు. సాయంత్రం ఐదుంపావు బండికి వెళ్ళాలి. కామేశ్వరి గంటకోసారి ఆ బండి సంగతి గుర్తుచేస్తోంది. కొత్త బ్యాచిలో పదకొండు మంది. వాళ్ళలో విశాలాక్షి అనే పిల్ల అందరికంటే బాగా పాడుతుంది, నిజంగా ఐదు గొంతు. పైడితల్లికి నోట్సు ఇచ్చేది, కషాయం కాచి తెచ్చేది. మంచి పిల్ల. తన పరీక్ష అయ్యాక అందరికీ వెనక కూర్చుని నన్ను మీటింది. పదకొండు మంది వచ్చారు, నాకు వీపు పెట్టి పాడారు, దణ్ణం పెట్టి వెళ్ళారు. ఒక్కరూ నా బిరడ ముట్టుకోలేదు.

తప్పినవాళ్ళు ఆఖరున. పైడితల్లి లోపలికి వచ్చేసరికి మూడున్నర అయింది. నీలంరంగు నూలుచీర. చాప మీద కూర్చోలేదు. నేరుగా నా దగ్గరకు వచ్చింది.

"విశాలా, ఇలా ఇయ్యి."

విశాలాక్షి అర్థం కాక ఇచ్చింది. కామేశ్వరి గొంతు చురుక్కుమంది. "ఏమిటది? కూర్చుని మొదలెట్టు."

"శ్రుతి మార్చుకుంటానండి."

"శ్రుతి పొద్దున్నే అయింది. ఆయన బండికి టైమవుతోంది. వర్ణం అందుకో."

పైడితల్లి నన్ను వదల్లేదు. ఆమె అరచేతుల చెమట నా పొడవాటి దండికి అంటుతోంది. ఒక్క మాట పొరపాటయినా బయటికి పొమ్మంటారు. జూన్ ఉద్యోగం, మూడేళ్ళ చదువు, తల్లి సంతలో అందరికీ చెప్పుకున్న మాట, అన్నీ ఆ చెమటలో ఉన్నాయి.

"రూల్సులో ఉందండి" అంది.

రాఘవాచార్యులు కళ్ళు తెరిచాడు. ముందున్న మార్కుల కాగితం దగ్గరకు లాక్కున్నాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. "అవును. మొదటి గడి ఇదే. తంబూరా శ్రుతి చేయుట, పది మార్కులు." తల ఎత్తాడు. "పొద్దుటి నుంచి ఎవరూ చేయలేదే?"

"అది మామూలుగా అందరికీ ఎనిమిదేసి వేసేస్తామండి" అంది కామేశ్వరి. "టైము కలిసొస్తుందని."

"ఏమీ చేయకుండా ఎనిమిదా?" ఆయన కాగితం మీద కలం అడ్డంగా పెట్టాడు. "చెయ్యమ్మా. ఐదు నిమిషాలు."

పైడితల్లి బిరడ పట్టుకుంది. లోపలికి నెడుతూ దించింది. పంచమం దిగింది. షడ్జమం తీగ సారణి దిగింది. నా మెడ నుంచి బరువు దిగుతుంటే పగులు మూసుకోవడం నాకు తెలిసింది. రెండో షడ్జమం తీగ అనుసారణి దించేటప్పుడు బిరడ జారి తీగ ఒక్కసారిగా వదులైంది. గుర్రం మీద ఉన్న జీవం ఎగిరి ఎక్కడో పడింది. ఆ పిల్ల మళ్ళీ బిగించి మీటింది. టక్కుమంది. మళ్ళీ మీటింది. టక్.

కామేశ్వరి గడియారం చూసింది. విశాలాక్షి చాప మీద వెతికింది. తలుపు దగ్గర నిలబడిన గురువులు ఒక అడుగు వేసి, కామేశ్వరి చూపుకు ఆగిపోయాడు. రెండు నిమిషాలు మిగిలాయి. పైడితల్లి పైటచెంగు అంచు పళ్ళతో పట్టి ఒక పోగు లాగింది. నీలం పోగు. నాలిక మీద తడిపి తీగ కింద దూర్చింది. వేలితో వెంట్రుకంత జరిపింది, ఇంకాస్త జరిపింది. మీటింది.

గుంయిమన్నాను.

అన్నిటినీ పూసలతో సరిచేసి నన్ను విశాలాక్షికి ఇచ్చింది. చాప మీద కూర్చుంది. వర్ణం పాడింది, కీర్తన పాడింది. రాఘవాచార్యులు కళ్ళు మూసుకోలేదు. "బిలహరి ఎత్తు" అన్నాడు. అది పైకి పాకే రాగం. ఆమె మెట్టు మెట్టూ ఎక్కింది. పోయిన ఏడు తెగిన చోటికి వచ్చింది. గురువులు తలుపు పట్టుకున్నాడు. పై షడ్జమం అందుకుని నిలిచింది. అక్కడే ఉంది. ఎంతసేపంటే రాఘవాచార్యులు వేడినీళ్ళ గ్లాసు ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది. నాకు వీపు పెట్టి పాడినవాళ్ళలో నా మాట విని పాడిన మనిషి ఆమె. సుభద్రమ్మ తరువాత మళ్ళీ ఆమే.

కథ అక్కడ ఆగితే బాగుండేది. రాఘవాచార్యులు ఆగలేదు. న్యాయం చేసే మనుషులకు ఎక్కడ ఆపాలో తెలియదు.

మొదటి గడిలో పది వేశాడు. పైన ఖాళీగా ఉన్న పదకొండు గడులూ చూశాడు. "వాళ్ళను పిలిపించండి. ఎవరికి కావలసిన శ్రుతికి వాళ్ళు చేసి చూపించాలి. చేయకపోతే సున్నా."

"మీ బండి..." అంది కామేశ్వరి.

"పోతే పోనివ్వండి."

పదకొండు మంది వచ్చారు. ఒకరి తరువాత ఒకరు నన్ను ఒళ్ళోకి లాక్కున్నారు. ఒకడు బిరడను తప్పు వైపు తిప్పాడు. ఒక పిల్ల పూసలు చూసి అవి అలంకారమనుకుంది. మూడేళ్ళు సంగీతం చదివిన చేతులు అవి. ఎక్కించారు, జారవిడిచారు, మళ్ళీ లాగారు. ఒక్కో లాగుడుకు నా మెడలో పగులు వేలెడంత పాకింది. ఆఖరున విశాలాక్షి. ఆమె చెవికి తప్పు తెలుస్తోంది, వేళ్ళకు తెలియడం లేదు. మూడుసార్లు బిరడ జారింది. "రావడం లేదండి" అని తల వంచుకుంది. ఆమె గడిలోనూ సున్నా పడింది.

కామేశ్వరి లేచింది. మొహం ఎర్రబడింది. "ఇలా తే. ఇదేం బ్రహ్మవిద్యా?" నన్ను లాక్కుంది. పదేళ్ళుగా ఆమె బిరడ ముట్టలేదు. ఐదుకు లాగింది. ఐదు వచ్చింది. కాని ఆ కోపానికి ఐదు చాలలేదు.

"అమ్మా, మెడ..." అన్నాడు గురువులు.

"నోర్మూయ్."

ఇంకో అరతిప్పు. నా మెడ విరిగింది. దండి ముందుకు వాలి, తీగలన్నీ ఒక్కసారి పడిపోయాయి. నా జోడు పగిలినప్పుడు వచ్చిన చప్పుడే.

రాఘవాచార్యులు కాగితం కింద సంతకం పెట్టాడు. గడియారం చూసుకుని సంచీ తీసుకున్నాడు. మనిషి వెళ్ళిపోయాడు, బండి దొరికిందట.

వరండాలో విశాలాక్షి పైడితల్లిని ఆపింది. "నీకు పదికి పది. నాకు ఫస్టుక్లాసు పోయింది. అడిగేముందు మాతో ఒక్క మాట చెప్పి ఉండకూడదా?"

ముందే చెబితే ఎవరో ఒకరు కామేశ్వరి చెవిన వేసేవారని ఇద్దరికీ తెలుసు. విశాలాక్షి ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు.

'కాలం చెల్లినందున పనికిరానిది' అని నా మీద కాగితం రాశారు. రాసింది కామేశ్వరి. గురువులు నన్ను భుజాన వేసుకుని విరిగిన సామాన్ల గదికి తీసుకెళ్ళాడు. కాళ్ళు లేని బల్లలు, తోలు ఊడిన మృదంగాలు. వాటి వెనక, బూజు కింద, పద్దెనిమిది అంకె కనిపించింది. గురువులు బల్లలు జరిపి నన్ను ఆమె పక్కన ఆనించాడు. వెళ్ళబోతూ వెనక్కి వచ్చి మా ఇద్దరి మీదా బూజు దులిపాడు. మేష్టారి షరతు అన్నేళ్ళకు అలా నెరవేరింది. అందుకు ఎవరికీ దండ వేయలేదు.

జూన్ మొదటివారంలో పైడితల్లి పట్టా తీసుకోవడానికి వచ్చింది. గురువులు సామాన్ల గది తలుపు తీశాడు.

"ఏటి టీచరమ్మగోరూ, సంతకం పెట్టీసినారా?"

"ఊరుకో బాబాయ్." నవ్వలేదు. బల్లల మధ్యగా వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. తీగలు అప్పటికే తీసేశారు. గుర్రం అంచున ఇరుక్కున్న నీలం పోగు మాత్రం మిగిలింది, ఎవరూ దాన్ని సామాను కింద లెక్కవేయలేదు. ఆమె దాన్ని చూసింది. తీయలేదు. "నా వల్లే ఇరిగిపోయింది బాబాయ్" అంది.

"నీ వల్లేటి? లాగింది నువ్వా?"

లాగింది ఆమె కాదు. అయినా ఆమె మాటే నిజం. ఆ రోజు ఆమె నోరు తెరవకపోతే నేను ఇంకో నాలుగేళ్ళు ఐదులో నిలబడి ఉండేవాణ్ణి. నన్ను కాపాడాలని ఆమె శ్రుతి దించలేదు, తన గొంతు కోసం దించుకుంది. పాడేవాళ్ళందరూ అంతే. నేను ఆమెను క్షమించలేదు. కామేశ్వరినయితే ఆ ప్రశ్నే లేదు.

లేచేముందు ఆ పిల్ల అరచేయి నా కుండ మీద పెట్టి, నెమ్మదిగా షడ్జమం అంది. మూడులో. ఒక్క ఊపిరి పట్టినంతసేపు.

నాకు తీగలు లేవు, మెడ లేదు. కుండ ఉంది. అందులో గాలి కదిలింది. పక్కన, చీలిన పలక కింద, నా జోడు కుండలోనూ కదిలింది.